ఆట ఎవరిది?
వామనగుంటల నుంచి వీడియో గేముల దాకా

"ఆడపిల్లలు కూడా వీడియో గేములు ఆడుతున్నారు" అనే మాట ఈ మధ్య మన ఇళ్లలో తరచు వినిపిస్తున్నది. కొందరు ఆశ్చర్యంగా అంటారు, కొందరు విసుగ్గా అంటారు. ఎలా అన్నా ఆ 'కూడా' అనే మాట దగ్గరే నాకు పేచీ. ఆట మొదటినుంచీ మగపిల్లల సొత్తు, ఆడవాళ్లు ఇప్పుడిప్పుడే అందులో అడుగుపెడుతున్నారు అనే నమ్మకం దాని వెనక ఉన్నది. చరిత్ర తిరగేసి చూస్తే ఆ నమ్మకం నిలవదు. ఆ సంగతిని పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కిన్వట్ వాళ్లకు ఈ సంగతి చెప్పడం ఒక విధంగా తేలిక. 1956 అక్టోబరు 31 దాకా మన తాలూకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. మర్నాడు రాష్ట్రాల పునర్విభజన చట్టం అమలులోకి వచ్చింది. కిన్వట్, రాజూరా తాలూకాలూ, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలూ బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. 1960 మే 1 నుంచి మనం మహారాష్ట్ర వాళ్లం. మన తాతలు ఇల్లు మారలేదు, పొలం మారలేదు, నీళ్లు తెచ్చుకునే పెన్‌గంగ మారలేదు. అయినా తెల్లవారేసరికి వాళ్లు భాషా అల్పసంఖ్యాకులయ్యారు. ఇప్పుడు ఎవరైనా "మీరు ఎప్పుడు వలస వచ్చారు?" అని అడిగితే మనకు చిరాకు వేస్తుంది. వచ్చింది మనం కాదు, సరిహద్దు.

ఆటల్లో ఆడవాళ్ల చరిత్ర కూడా ఇలాంటిదే. వాళ్లు ఎక్కడి నుంచో ఆటలోకి వచ్చినవాళ్లు కారు. 'ఆట' అనే మాటకు గీసిన సరిహద్దు పలుమార్లు జరిగింది. జరిగిన ప్రతిసారీ వాళ్లు బయట మిగిలారు.

యజమాని లేని ఆటలు

మన పెద్దవాళ్లకు తెలిసిన ఇంటి ఆటల్లో ముందుగా చెప్పవలసింది వామనగుంటలు. రెండు వరుసలు, వరుసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు. ఆడేందుకు చింతపిక్కలో గవ్వలో చాలు. ఉన్నవాళ్ల ఇంట్లో చెక్క పలక, లేనివాళ్లకు అలికిన నేలలో తవ్విన గుంటలు. తమిళులు దీన్నే పల్లాంకుళి అంటారు, కన్నడిగులు అళగుళి మణె అంటారు. ఆఫ్రికాలో దీని బంధువర్గమంతా ఉన్నది, వాటిని మంకాలా ఆటలని పిలుస్తారు. ఒక గుంటలోని పిక్కలన్నీ తీసి వరసగా ఒక్కో గుంటలో ఒక్కోటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోయాక తర్వాతి గుంట నిండుగా ఉంటే ఆట సాగుతుంది, ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి దక్కుతాయి. ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ఆగుతామో పిక్క కదపకముందే లెక్క కట్టాలి. మా మేనత్తకు అక్షరం ముక్క రాదు గానీ, ఆమె వేళ్లు పిక్కల మీదికి పోకముందే ఎదుటి మనిషి ఓటమి ఖాయమయ్యేది.

అష్టాచెమ్మా సంగతి చెప్పనక్కరలేదు. ఐదు గళ్ల పొడవు, ఐదు గళ్ల వెడల్పు, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గచ్చకాయలు ఎగరేసి పట్టుకునే ఆట మన ఆడపిల్లలకు ఎంత ఇష్టమో, సాగర్‌గోటే అంటే మరాఠీ ఆడపిల్లలకు అంత ఇష్టం. సాగర్‌గోటా అంటే గచ్చకాయే. ఇద్దరు చేతులు పట్టుకుని గిరగిరా తిరిగితే మనవాళ్లు ఒప్పులకుప్ప అంటారు, పక్కింటివాళ్లు ఫుగడీ అంటారు. ఈ తాలూకాలో పెద్దవాళ్ల నడుమ భాష అడ్డం వచ్చినప్పుడు కూడా ఆడపిల్లల నడుమ రాలేదంటే ఈ ఆటలదే ఆ పుణ్యం.

అంతమాత్రాన ఆ కాలాన్ని నేను ఆకాశానికి ఎత్తడం లేదు. మగపిల్లల ఆట మైదానానికి పోయింది, ఆడపిల్లల ఆట నాలుగు గోడల మధ్య ఆగింది. పెళ్లితో చాలామందికి ఆట కూడా ముగిసింది. పొద్దస్తమానం పత్తి ఏరి వచ్చిన కూలి మనిషికి మధ్యాహ్నపు తీరిక ఎక్కడిది? అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఆటలకు యజమాని లేడు. నియమాలు ఆడేవాళ్లవే, నేర్పేది అమ్మమ్మ, ఖర్చు గుప్పెడు చింతపిక్కలు. 'ఇది నీ ఆట కాదు' అనడానికి అక్కడ మూడో మనిషి లేడు.

ఆ మూడో మనిషి తర్వాత వచ్చాడు. మన పచ్చీసు ఆటను కుదించి 1896లో ఇంగ్లండులో లూడో పేరుతో పేటెంటు చేశారు. అట్టపెట్టెలో పెట్టి అమ్మారు. నేల మీద గీసుకున్న ఆట సరుకు అయింది. సరుకు అయ్యాక దాన్ని ఎవరికి అమ్మాలో అమ్మేవాడు నిర్ణయిస్తాడు. వీడియో గేముల చరిత్రలో ఆడవాళ్లకు జరిగినదంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది.

యంత్రం వచ్చిన తొలినాళ్లు

1972లో అమెరికాలోని అటారీ సంస్థ పాంగ్ అనే యంత్రాన్ని బజారులోకి తెచ్చింది. తెర మీద రెండు గీతలు, మధ్యలో బంతి. 1978లో జపానులో స్పేస్ ఇన్వేడర్స్ వచ్చింది. బిళ్ల వేసి ఆడే ఈ యంత్రాల గదులు మగవాళ్లతో నిండాయి. ఇది గమనించినవాడు నామ్కో సంస్థలోని తోరు ఇవతానీ. ఆడవాళ్లూ జంటలూ ఆ గదుల్లోకి రావాలంటే కాల్పులు లేని ఆట కావాలని ఆలోచించి, తినడం ఇతివృత్తంగా 1980లో పాక్‌మాన్ తయారుచేశాడు. అది లోకమంతా ఆడింది. 1982లో అమెరికాలో వచ్చిన మిస్ పాక్‌మాన్ యంత్రాలు లక్షకు పైగా అమ్ముడుపోయాయి. అంటే తొలి పదేళ్లలోనే ఒక సంగతి రుజువైంది. పిలిస్తే ఆడవాళ్లు వస్తారు, వస్తే వ్యాపారం పెరుగుతుంది.

ఆడటమే కాదు, తయారుచేసినవాళ్లలోనూ స్త్రీలు ఉన్నారు. కారల్ షా 1978లో అటారీలో చేరారు. ఆమెను చూసిన సంస్థ అధ్యక్షుడు, ఇక ఆడవాళ్ల అలంకరణ రంగుల గేములూ ఇంటి ముస్తాబు గేములూ చేయించవచ్చని సంబరపడ్డాడట. ఆ మాట ఆమే తర్వాత చెప్పారు. ఆమె చేసినది వేరు. ఆక్టివిజన్ సంస్థకు మారి 1982లో రివర్ రెయిడ్ అనే విమానపు ఆట రాశారు. ఆ కార్ట్రిడ్జిలో చోటు 4 కిలోబైట్లు మాత్రమే. మైళ్ల పొడవు నదిని అందులో దాచడం సాధ్యం కాదు. ఆమె నదిని దాచలేదు, నది పుట్టే లెక్కను దాచారు. ఆ లెక్క నడిచిన ప్రతిసారీ అదే నది, అవే మలుపులు తెర మీద పుట్టేవి. ముగ్గు వేసే మన ఆడవాళ్లకు ఈ కిటుకు కొత్త కాదు. చుక్కల లెక్క, తిప్పే పద్ధతి గుర్తుంటే చాలు, ముగ్గంతా బుర్రలో మోయనక్కరలేదు.

డోనా బెయిలీ అటారీ యంత్రాల విభాగంలో ఏకైక మహిళా ప్రోగ్రామరు. 1981లో ఎడ్ లాగ్‌తో కలిసి ఆమె చేసిన సెంటీపీడ్‌ను ఆడవాళ్లు కూడా విరివిగా ఆడారు. కొన్నేళ్లకే ఆమె ఆ పరిశ్రమనే వదిలేశారు. రోబెర్టా విలియమ్స్ 1980లో తన వంటింటి బల్ల మీద కథ అల్లుకుని, భర్త కెన్ ప్రోగ్రాము రాయగా, మిస్టరీ హౌస్ తెచ్చారు. మాటలకు బొమ్మలు తోడైన సాహస కథల గేములకు అది నాంది. మార్టినిక్ ద్వీపంలో పుట్టిన మ్యూరియెల్ ట్రామిస్ 1987లో మెవిలో అనే గేములో తన ద్వీపం కథను, అక్కడి బానిసత్వపు జ్ఞాపకాన్ని పెట్టారు. 2018లో ఫ్రాన్సు ప్రభుత్వం ఆమెకు లెజియన్ దొనర్ ఇచ్చింది. సొంత నేల కథను గేముగా చెప్పవచ్చని చూపిన ఆమె పేరు మనవంటి చిన్న సమూహాలు గుర్తుంచుకోదగినది.

బొమ్మల దుకాణం గీసిన గీత

మరి గీత ఎప్పుడు పడింది? 1983లో అమెరికా వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. నాసిరకం గేములు దుకాణాల్లో గుట్టలు పడ్డాయి. సుమారు 320 కోట్ల డాలర్ల వ్యాపారం రెండేళ్లలో 10 కోట్లకు పడిపోయిందని లెక్క. 1985లో జపాను సంస్థ నింటెండో అమెరికాలో అడుగుపెట్టినప్పుడు 'వీడియో గేము' అనే మాటే దుకాణదారులకు చేదుగా ఉండేది. అందుకని తన యంత్రాన్ని ఒక మరబొమ్మతో జతచేసి ఆటబొమ్మగా అమ్మింది. బొమ్మల దుకాణంలో మగపిల్లల వరుస వేరు, ఆడపిల్లల వరుస వేరు. గేము మగపిల్లల వరుసలో చేరింది. 1989లో వచ్చిన చేతి యంత్రానికి గేమ్ బాయ్ అనే పేరే పెట్టారు.

ఆ తర్వాతిది గానుగెద్దు నడక. ప్రకటనలు మగపిల్లలకు, కొనేది మగపిల్లలు, అమ్మకాల లెక్కలో కనిపించేది మగపిల్లలు, కాబట్టి తర్వాతి గేము కూడా మగపిల్లలకే. విత్తనం వేయకుండా చేను పండలేదని నిందించినట్టు, ఆడపిల్లలకు ఆసక్తి లేదని పరిశ్రమ తీర్మానించింది.

1996 సంవత్సరం ఈ కథలో గుర్తుంచుకోవలసినది. ఆ ఏడు టూంబ్ రెయిడర్ వచ్చింది. కథానాయిక లారా క్రాఫ్ట్ తెలివైన పురావస్తు అన్వేషకురాలు. ప్రకటనలు మాత్రం ఆమె తెలివిని పక్కన పెట్టి ఒంటిని అమ్మాయి. అదే ఏడు మాటెల్ సంస్థ బార్బీ ఫ్యాషన్ డిజైనర్ తెచ్చింది. 5 లక్షలకు పైగా ప్రతులు చకచకా అమ్ముడయ్యాయి. ఆడపిల్లలు కంప్యూటరు ముట్టరన్న వాదం దానితో వీగిపోయింది గానీ, వాళ్లకు బట్టలూ గులాబీ రంగూ చాలుననే కొత్త వాదం పుట్టింది. ఈ రెండింటికీ నడుమ దారి వెతికినవారు బ్రెండా లారెల్. ఆడపిల్లలు ఎలా ఆడుకుంటారో ఏళ్ల తరబడి పరిశీలించి 1996లో పర్పుల్ మూన్ అనే సంస్థ పెట్టారు. స్నేహాలు, బడి, మాట పట్టింపులు ఆ గేముల ఇతివృత్తాలు. 1999లో సంస్థ మూతపడింది, దాన్ని మాటెల్ కొనేసింది.

2000లో ది సిమ్స్ వచ్చింది. ఇల్లు కట్టి మనుషుల్ని కాపురం పెట్టించే ఈ ఆటను ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఆడారు. నోకియా ఫోనుల్లో 1997 నుంచి వచ్చిన పాము ఆట, 2012లో వచ్చిన కాండీ క్రష్ ఆడనివారు లేరు. అప్పుడు సరిహద్దు ఇంకోసారి జరిగింది. ఇవి 'కాలక్షేపం' గేములనీ, తుపాకీ పట్టేవే 'అసలు' గేములనీ పరిశ్రమా ఆటగాళ్లూ కూడబలుక్కున్నట్టు మాట్లాడసాగారు. అమెరికా గేముల సంస్థల సంఘం ఏటా ప్రకటించే లెక్కల్లో ఆడేవారిలో సగానికి దగ్గరగా స్త్రీలే ఉంటున్నారు. లెక్కలో ఉన్నారు, గౌరవంలో లేరు.

కచేరీల్లో జరిగింది

ఆడేవారిలో సగానికి దగ్గరగా ఉన్న స్త్రీలు తయారీలో ఎంతమంది? గేము నిర్మాతల అంతర్జాతీయ సంఘం 2014లో జరిపిన సర్వేలో 22 శాతం. అదే 2014లో యూబీసాఫ్ట్ సంస్థ తన కొత్త గేములో ఆడేందుకు స్త్రీ పాత్ర ఎందుకు లేదని అడిగితే, బొమ్మల కదలికలకు పని రెట్టింపవుతుందని జవాబిచ్చింది. అక్కడ మునుపు పనిచేసిన ఒక యానిమేటరు అది ఒకటి రెండు రోజుల పనేనని తేల్చి చెప్పారు.

ఆ ఏడే ఆగస్టులో గేమర్‌గేట్ గొడవ మొదలైంది. జోయీ క్విన్ అనే గేము రూపకర్త మీద నిందలు, చంపుతామన్న బెదిరింపులు వెల్లువెత్తి ఆమె ఇల్లు వదలవలసి వచ్చింది. గేముల్లో స్త్రీ పాత్రల చిత్రణను విమర్శించిన అనీటా సర్కీసియన్ అక్టోబరులో యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఇవ్వవలసిన ఉపన్యాసాన్ని సామూహిక హత్య బెదిరింపు వల్ల రద్దు చేసుకున్నారు. సభలోకి తుపాకులు రాకుండా ఆపడానికి అక్కడి చట్టం ఒప్పుకోదన్నారు. ఒక పుస్తక విమర్శకురాలికి ఇలా జరిగితే సాహిత్య లోకం ఎంత గగ్గోలు పెట్టేదో పాఠకులు ఊహించుకోవచ్చు.

తర్వాత కోర్టుల వంతు వచ్చింది. లింగ వివక్ష కేసులో రయట్ గేమ్స్ సంస్థ 2021 డిసెంబరులో 10 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నది. ఆక్టివిజన్ బ్లిజార్డ్ మీద కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో వేసిన కేసు, జీతాల్లోనూ పదోన్నతుల్లోనూ స్త్రీల పట్ల వివక్ష చూపారన్న ఆరోపణల మీద, 2023 డిసెంబరులో సుమారు 5.4 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. కచేరీలో వేధింపుల విషయంలో యూబీసాఫ్ట్ మాజీ అధికారులు ముగ్గురిని 2025 జూలైలో ఫ్రాన్సు కోర్టు దోషులుగా తేల్చింది. జైలు శిక్షల అమలును మాత్రం నిలిపివేసింది.

ఆడేవాళ్ల సంగతికొస్తే, దక్షిణ కొరియాలో 'గెగురి' పేరుతో ఆడే అమ్మాయి కథ చాలు. 2016లో ఆమె గురి ఎంత కచ్చితంగా ఉన్నదంటే, మోసపు ప్రోగ్రాము వాడుతున్నదని ఎదుటి జట్టువాళ్లు ఆరోపించారు. ఆమె కెమెరాల ముందు కూర్చుని, చేయి కనిపించేలా ఆడి, నిర్దోషినని చూపుకోవలసి వచ్చింది. 2018లో ఓవర్‌వాచ్ లీగ్‌లో చేరిన తొలి మహిళ ఆమే. మగపిల్లవాడు బాగా ఆడితే ప్రతిభ, ఆడపిల్ల బాగా ఆడితే అనుమానం.

మన దేశం, మన ఊరు

ఇదంతా విదేశాల గొడవ కదా అనుకోవడానికి లేదు. మన దేశంలో వీడియో గేము చాలావరకు ఫోను మీదే నడుస్తున్నది. కాబట్టి ఫోను ఎవరి చేతిలో ఉన్నదనేదే మొదటి ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సొంతంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 54 శాతం. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన పురుషులు 57.1 శాతం, స్త్రీలు 33.3 శాతం. మిగిలినవాళ్లు ఆడితే తమ్ముడి ఫోను మీద, భర్త ఫోను మీద, అడిగి ఆడాలి. చింతపిక్కలకు ఎవరినీ అడగనక్కర లేకపోయింది.

మా వీధిలో కాలేజీ చదివే ఆడపిల్లలు నలుగురిని కూర్చోబెట్టి అడిగాను. ముగ్గురు ఫోనులో జట్టుకట్టి ఆడే గేములు ఆడతారు. ముగ్గురూ మగపిల్లల పేర్లే పెట్టుకున్నారు. ఎందుకంటే ఒకమ్మాయి చెప్పిన జవాబు ఇది: "గొంతు విన్నరంటే ఆట బందైతది సార్, తిట్లు షురూ అయితయ్. అందుకే మైకు బంద్ పెట్టుకునే ఆడుతం." మాట్లాడక తప్పనప్పుడు హిందీలో రెండు ముక్కలంటారట, తెలుగు మాత్రం మాట్లాడరట. నలుగురిలో నాలుగో అమ్మాయి ఆ ఆటలే మానేసింది. ఆడపిల్లననీ, తెలుగుదాన్ననీ రెండూ దాచుకుంటే తప్ప ఆడనివ్వని ఆట అది. బస్సులో, బజారులో నోరు తెరవడానికి జంకి భాష దాచుకున్న అనుభవం మనలో ఎంతమందికి లేదు? ఆ పిల్లల మౌనం మనకు అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

చదరంగం చూద్దాం. ఆ బల్ల మీద నియమాలు ఎవరి పక్షమూ కాదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరయ్యారు, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ విజేత అయ్యారు. 2025 జూలైలో బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్పు ఫైనల్లో ఆమెను ఓడించినది నాగపూరు అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్. ఒకరు మన భాష మనిషి, ఒకరు మన రాష్ట్రం మనిషి, ఎవరు గెలిచినా మనకు పండగే. అయితే ఆ దివ్యే 2024 జనవరిలో, నెదర్లాండ్స్‌లో టోర్నమెంటు ముగిశాక, ప్రేక్షకులు తన ఎత్తులను వదిలి బట్టలూ జుట్టూ ఉచ్చారణా గురించి మాట్లాడుతున్నారని బాహాటంగా రాశారు. నియమాలు సమానంగా ఉన్నచోట కూడా చూసే కళ్లు సమానంగా లేవన్నమాట.

మంచి సంగతులు లేకపోలేదు. గేము రూపకర్త పూర్ణిమా సీతారామన్ 2020లో విమెన్ ఇన్ గేమ్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందిన తొలి భారతీయురాలు. మన పూనాలోనే నాడింగ్ హెడ్స్ అనే సంస్థ 2020లో రాజీ అనే గేము తెచ్చింది. తమ్ముడిని వెతుక్కుంటూ రాక్షసులతో తలపడే అమ్మాయి అందులో నాయిక. ఆ సంస్థ స్థాపకుల్లో శ్రుతి ఘోష్ ఒకరు, డబ్బు చాలనప్పుడు తన ఇల్లు అమ్మి మరీ పని సాగించారు. 2024 ఏప్రిల్లో ప్రధానమంత్రి గేము ఆటగాళ్లను పిలిచి మాట్లాడినప్పుడు, మన పొరుగు రాష్ట్రంలోని ఛింద్‌వాడా ప్రాంతపు పాయల్ ధారే ఆ ఏడుగురిలో ఉన్నారు. ఏడుగురిలో స్త్రీ ఆమె ఒక్కరే.

ఇక లూడో. ఇంగ్లండులో పెట్టె ఎక్కిన మన పచ్చీసు 2016లో నవీ ముంబై సంస్థ చేతుల మీదుగా లూడో కింగ్ పేరుతో ఫోనుల్లోకి వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో అమ్మమ్మలూ మనవరాళ్లూ వేరువేరు ఊళ్ల నుంచి కలిసి ఆడారు. కిన్వట్‌లో ఉన్న అక్క, ఆదిలాబాదులో ఉన్న చెల్లెలు అరవై ఏళ్ల వయసులో మళ్లీ కాయలు చంపుకోవడం నేను చూశాను. వాళ్లను 'గేమర్లు' అని ఎవరూ అనలేదు. వాళ్లకూ ఆ పేరు అక్కర లేకపోయింది. కానీ చరిత్ర రాసేవాళ్లకు ఆ పేరు అవసరం. పేరు లేనివాళ్లను లెక్కపెట్టరు, లెక్కలో లేనివాళ్ల కోసం ఎవరూ ఏమీ తయారుచేయరు. భాషా అల్పసంఖ్యాకులుగా జనాభా లెక్కల రోజున మనం మాతృభాష గడిలో ఏం రాయించాలో ఇంటింటికీ తిరిగి చెప్పుకునేది ఇందుకే కదా.

కాబట్టి పాఠకులకు రెండు మనవులు. మొదటిది, మీ ఇంట్లో పెద్ద ఆడవాళ్లు ఆడిన ఆటల పేర్లు, నియమాలు, ఆడేటప్పుడు అనే మాటలు మన కిన్వట్ తెలుగులోనే రాసి ఈ పత్రికకు పంపండి. గుంటలు ఎన్ని, పిక్కలు ఎన్నేసి, పక్కింటి మరాఠీవాళ్లు, గోండులు, బంజారాలు ఆ ఆటను ఏమంటారు అనేది కూడా రాయండి. పూనాలోనూ హైదరాబాదులోనూ గేములు తయారుచేసే చోట మన పిల్లలు కొందరికైనా ఉద్యోగాలు దొరుకుతాయి. వాళ్ల చేతికి అందించడానికి మన దగ్గర సరుకు ఉండాలి. రెండవది, ఇంట్లో ఆడపిల్ల ఫోనులో ఆడుతూ కనిపిస్తే "నీకెందుకు ఇవి?" అనకండి. వేళ మించితే కొడుకుకు ఏది చెబుతారో అదే చెప్పండి. వీలైతే పక్కన కూర్చుని ఎలా ఆడాలో నేర్పమనండి. నేను నేర్చుకుంటున్నాను. మైకు తెరిచి తెలుగులోనే మాట్లాడుతున్నాం.